నాలుగో తరగతి పిల్ల చేతిరాత

చంటిబిడ్డలతో టీచర్ల ట్రైనింగుకు పోయిన అవ్వలం మేము ముగ్గురం. లోపల హాల్లో మా కూతుళ్ళు పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో నేర్చుకుంటూ ఉంటే, బయట వరండాలో వాళ్ళ బిడ్డలను ఒళ్ళో వేసుకొని మేము కూర్చునేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళు అయి ఉంటుంది. బడుల్లో బెంచీలు తీసేసి, పాఠాలన్నీ రంగురంగుల అట్టల మీద అచ్చువేసి, టీచర్లు కూడా పిల్లలతో పాటు చాప మీదనే కూర్చోవాలని చెప్పిన కాలం అది. మా పక్క బడుల టీచర్లందరినీ జట్లు జట్లుగా పిలిచి పది రోజులు కూర్చోబెట్టారు.

నా కూతురికి అప్పటికి కాన్పయి నాలుగో నెల. మూడు నెలల సెలవు అయిపోయింది. నడుముకు కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు. పొద్దున ఆరు దాటగానే పెరియంపట్టిలో బస్సు పట్టుకోవాలి. అంటే నేను నాలుగున్నరకు లేచి చిత్రాన్నం కలిపి, బిడ్డ గుడ్డలు మడిచి, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, ఉయ్యాలకు పాత చీర ఒకటి సంచిలో పెట్టుకోవాలి. బస్సులో సీటు దొరికిన రోజు ఆమె కూర్చొని నిద్రపోయేది. దొరకని రోజు నిలబడి నిద్రపోయేది.

ఆ ఉద్యోగం ఊరికే వచ్చింది కాదు. టీచరు చదువు ముగించి, ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాయించుకొని ఏడేళ్ళు కాచుకొన్నది. ఆ ఏడేళ్ళలో పెళ్ళయింది, మొదటి కడుపు నిలవలేదు, మామగారు పోయినారు, ఆ తరువాత వచ్చింది ఆర్డరు. రెండు బస్సులు మారి, ఒకటిన్నర మైలు నడిస్తే వచ్చే ఊళ్ళో ఇద్దరు టీచర్ల బడి. ఆ ఊరి పేరు రాయను. చేరి రెండో ఏడు జరుగుతూ ఉంది. రెండేళ్ళు ముగిస్తే ఉద్యోగం ఖాయం అవుతుంది. ముగిసేటప్పుడు పైనుంచి చూసేవాళ్ళు ఒక మంచి మాట రాయాలి. ఆ మాట రాయవలసిన ఆయనే ఈ ట్రైనింగు ఇచ్చే సారు.

పెన్నాగరంలో ఉండే మా వియ్యపురాలు ముందే చెప్పేసింది. "ఖాయమైతే చేయనీ వదినా, నేనేమీ అనను. కాకపోతే మాత్రం చాలు, వచ్చి మా అంగట్లో కూర్చోనీ. నా కొడుక్కి సంగటి కెలికేవాళ్ళు లేరు, నీకు బిడ్డను మోసే నడుము లేదు." ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు నిజంగానే నడుము లేదు.

నేను చదివింది అయిదో తరగతి, అరవం బడిలో. మా ధర్మపురి పక్క బడులన్నీ తమిళమే. తెలుగు అక్షరాలు మా నాయన ఇంటి దగ్గర పలక మీద దిద్దించినాడు. బడి మానేసినాక చాకలి పద్దుకు, ఎరువుల చీటీకి తప్ప నా చేతికి కలం పడలేదు. కానీ చెవులు బాగా పనిచేస్తాయి. వరండాలో కిటికీ కింద కూర్చొని ఆ పది రోజులూ సారు చెప్పిందంతా విన్నాను. ఆయన మాట్లాడేది అరవం. ఇక్కడ మన మాటల్లో పెడుతున్నాను.

సారుకు యాభై ఉంటాయి. భుజానికి ఒక గుడ్డ సంచి, గొంతులో ఎప్పుడూ ఒక కీచు. మధ్యాహ్నం కొళాయి పక్కన నిలబడి స్టీలు డబ్బాలో పులిహోర తిని, డబ్బా తనే కడుక్కొనేవాడు. తిన్న తరువాత హాల్లో సగం మంది తలలు వాలిపోతే కోప్పడేవాడు కాదు. కిటికీ తలుపు ఇంకొంచెం తెరిచి మాట్లాడుతూనే ఉండేవాడు. ఎన్ని జట్లకు అవే మాటలు చెప్పి ఉంటాడో. ఆయన కూడా అలసిపోయినాడని నాకు మొదటి రోజే తెలిసింది.

నాలుగో రోజు, ఎవరి బడి పిల్లల వ్యాసాల నోటుబుక్కులు వాళ్ళను తెమ్మన్నాడు. నా కూతురు ఇరవై ఆరు నోటుబుక్కులు పాత చీర కొంగుతో కట్టి మోసుకొని పోయింది. బిడ్డ నా చంకలో, నోటుబుక్కులు ఆమె చంకలో. అవన్నీ శుభ్రమైన నోటుబుక్కులు. ఒక్క దానిలోనూ తప్పు లేదు. ఆమెకు అది గర్వం.

సారు ఒకటి తెరిచినాడు. ఇంకొకటి తెరిచినాడు. అయిదారు తెరిచి నేల మీద వరసగా పరిచినాడు.

"మా ఇంట్లో ఒక ఆవు ఉంది. దాని రంగు తెలుపు," అని చదివినాడు. "ఈ బిడ్డ ఇంట్లో కూడా తెల్లావే. ఈ బిడ్డ ఇంట్లోనూ. ఏమ్మా, ఇరవై ఆరు ఇళ్ళల్లో ఇరవై ఆరు తెల్లావులుంటే ఆ ఊళ్ళో పాలు ఎవరికి పోస్తారు?"

హాలంతా నవ్వింది. నా కూతురు కూడా నవ్వినట్టు కిటికీలోంచి కనిపించింది, కానీ చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నవ్వేవాళ్ళ నోటుబుక్కులు కూడా చూస్తాను," అన్నాడు సారు. చూసినాడు. అన్ని బడుల్లోనూ ఆవు తెల్లదే. ఎవరి తప్పూ కాదు అది. బోర్డు మీద టీచరు రాస్తుంది, పిల్లలు చూసి దించుకుంటారు, దించుకున్నదాన్ని కంఠస్థం చేస్తారు, పరీక్షలో రాస్తారు. నా కూతురు అలాగే చదివింది. దానికి చెప్పిన టీచరూ అలాగే చదివి ఉంటుంది.

ఆ రోజు సారు చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తు ఉంది. దించుకోవడం రాయడం కాదు అన్నాడు. బిడ్డను ఒక మాట అడగండి, అడిగి ఊరకుండండి. ఊరకుండడమే కష్టం. బిడ్డ నోటితో చెప్పిందాన్నే కాగితం మీద పెట్టమనండి, తప్పులు తరువాత చూసుకోవచ్చు. ఇంకొకటి, ఒంటరిగా ఎవరూ ఈ పని చెయ్యలేరు, పక్కపక్క ఊళ్ళ టీచర్లు అయిదుగురు ఒక జట్టుగా కూడండి, ఒకరి పిల్లల కాగితాలు ఒకరు చూసుకోండి. చివరి రోజుకు జట్టుకు పది కాగితాలు, పిల్లలు సొంతంగా రాసినవి, తెచ్చి చదవాలి.

మధ్యలో రెండు రోజులు ట్రైనింగు ఆపి, బడులకు పోయి చేసి చూడమన్నారు. పోయినాము. మామూలు రోజుల్లో కూడా బిడ్డను ఎత్తుకొని నేను ఆ బడికి పోతూనే ఉంటిని. పాలు తాగే బిడ్డను ఇంట్లో వదిలితే ఎట్లా. నా కూతురు నాలుగో తరగతి పిల్లలకు తలా ఒక తెల్లకాగితం ఇచ్చింది. "నిన్న ఇంట్లో ఏం చేశారో రాయండి," అన్నది. అని, సారు చెప్పినట్టే ఊరకుండింది.

పిల్లలు కూడా ఊరకున్నారు. పెన్సిళ్ళు పట్టుకొని, తలలు ఎత్తి నల్లబోర్డునే చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపని. ఒక పిల్లవాడు మెల్లగా అడిగినాడు.

"టీచర్, బోర్డు మీద ఎప్పుడు రాస్తారు?"

"ఈ రోజు రాయను. మీరే రాయాల."

"మీరు రాస్తే గదా టీచర్ మేము రాసేది."

బెల్లు కొట్టే దాకా కాచుకొన్నది. ఇరవై ఆరు కాగితాల మీదా పేరు, తరగతి, తేదీ. కింద ఏమీ లేదు. నా చంకలో బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది, ఆమె రవిక తడిసిపోయింది. చాక్‌పీసు తీసుకొని బోర్డు మీద 'నేను నిన్న' అని ఒక మాట రాసింది, అంతే, వరసగా ఆరు వాక్యాలు రాసేసింది. పిల్లల మొహాల్లోకి ప్రాణం వచ్చింది. గబగబా దించుకున్నారు. తరువాత ఆమె పాలిస్తూ గోడకు తల ఆనించుకొని, "అందరూ నిన్న తలకు పోసుకొని గుడికి పోయినారు అమ్మా," అన్నది. "ఇరవై ఆరు మందీ."

మా జట్టులో తక్కిన నలుగురు టీచర్ల కథా అంతే. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వరండాలో నా పక్కనే గుమిగూడినారు. పది కాగితాలు కావాలి, చేతిలో ఒక్కటీ లేదు. అందరిలోకి పెద్దామె, ఇద్దరు కొడుకులను ఇంజనీరింగు చదివిస్తూ ఉన్నామె, చిత్రాన్నం డబ్బా మూసి అన్నది, "ఎడమ చేత్తో రాద్దాము. ఎడమ చేత్తో రాస్తే పిల్లల రాత మాదిరే వస్తాది."

అయిదుగురు టీచర్లు, గోడ వారగా కూర్చొని, మోకాళ్ళ మీద అట్టలు పెట్టుకొని ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టినారు. నాలుక బయట పెట్టి రాసినారు, పిల్లల మాదిరే. సారు కలిసి పని చేయమన్నాడు. అంత ఒద్దికగా కలిసి పని చేయడం ఆ తొమ్మిది రోజుల్లో నేను చూడలేదు. కానీ రాత కుదరలేదు. ఒకామెది తాగినవాడు రాసినట్టు వచ్చింది. ఇంకొకామెది ఎడమ చేత్తో కూడా టీచరు రాతే.

నేను అప్పుడు పక్కన ఉన్న అవ్వ చెప్తూ ఉంటే, బిడ్డ కడుపు నొప్పికి వాము, ఇంగువ ఎట్లా కాచాలో ఒక చీటీ మీద రాసుకుంటున్నాను. ఆమె ధర్మపురి టౌనులో గుడ్డల అంగడి వాళ్ళ ఆడబిడ్డ, మందుల సంగతి బాగా తెలిసిన మనిషి. పెద్ద టీచరు నా చీటీని వంగి చూసింది.

"అయ్యో, అవ్వ రాత చూడండి. అచ్చం నాలుగో తరగతి పిల్ల రాసినట్టు ఉండాది."

అందరూ చూసినారు. నా అక్షరాలు పెద్దవి, గీత మీద నిలబడవు, ఒక పక్కకు ఒరిగిపోతాయి. అయిదో తరగతిలో ఎక్కడ ఆగినాయో అక్కడే ఉన్నాయి.

"అమ్మా, ఒకటి రాయి అమ్మా," అన్నది నా కూతురు. ఎన్నడూ నన్ను ఏమీ అడగని బిడ్డ. "ఒక్కటి."

"నాకేం తెలుసు రాసేదానికి?"

"నీ చిన్నప్పటిది ఏదన్నా. ఎన్ని చెప్పవు నువ్వు ఇంట్లో."

ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతూ ఉంది. కాగితం తీసుకున్నాను. ఏమి రాయాలని ఆలోచించలేదు. ఆ తొమ్మిది రోజులుగా నిద్ర చాలక కళ్ళు మండుతూ ఉంటే, నా మనసులో మెదులుతూ ఉన్నదే రాసినాను. అరవంలో రాసినదాన్ని మన మాటల్లో పెడితే ఇది:

'మా అమ్మ కోడి కూయక ముందే లేపుతుంది. రాగులు విసరాలి. విసుర్రాయికి అటు అమ్మ, ఇటు నేను. పిడి ఒకటే. కింద నా చెయ్యి, పైన అమ్మ చెయ్యి. అమ్మ పాట పాడదు. ఊరికే విసురుతుంది. నాకు నిద్ర వస్తుంది. నేను నిద్రపోతాను. నా చెయ్యి నిద్రపోదు, తిరుగుతూనే ఉంటుంది. లేచి చూస్తే పిండి నిండి ఉంటుంది. నా కూతురే విసిరిందని అమ్మ అందరికీ చెబుతుంది.'

ఇది రాయడానికి బిడ్డ నిద్ర మొత్తం పట్టింది. పెద్ద టీచరు చదివి, తక్కిన కాగితాల మధ్యలో పెట్టింది.

పదో రోజు సారు ఒక్కొక్క జట్టు కాగితాలనూ చదివినాడు. చదువుతూ తల ఊపుతాడు, పక్కన పెడతాడు. ఎడమ చేతి కాగితాలు ఆయనకు కొత్త కాదని నాకు అనిపించింది. మా వాళ్ళ కట్టలో అయిదో ఆరో కాగితం దగ్గర ఆగినాడు. మళ్ళా మొదటి నుంచి చదివినాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఏ బడి?"

నా కూతురు లేచి నిలబడింది. "మాది సార్."

"ఏ తరగతి?"

"నాలుగు సార్."

"ఈ పిల్ల తరగతిలో నిద్రపోతుందా?"

నా కూతురు కిటికీ వైపు చూసింది. నేను కిటికీ ఊచ పట్టుకొని నిలబడినాను. "అప్పుడప్పుడు సార్," అన్నది.

సారు ఆ కాగితాన్ని హాలంతటికీ వినపడేటట్టు పైకి చదివినాడు. నిద్రపోతున్నవాళ్ళు లేచినారు. చదివిన తరువాత ఆయన మొహంలో పది రోజుల్లో మొదటిసారి ఒక వెలుతురు కనిపించింది. "ఇంతే నేను అడిగేది," అన్నాడు. "తప్పులున్నాయి. ఉండనీ. ఈ మాటను బోర్డు మీద ఏ టీచరూ రాయలేదు." ఆ తరువాత నా కూతురి వైపు తిరిగి, "బుధవారం మీ బడికి వస్తాను. ఇంత చిన్నపిల్లను ఆ పొద్దులో లేపి పని చేయిస్తున్నారంటే ఆ తల్లితో మాట్లాడాల. పిల్లను, తల్లిని ఉండమని చెప్పు," అన్నాడు. కాగితానికి నకలు తీయించుకొని, అసలుది నా కూతురి చేతికి తిరిగి ఇచ్చినాడు.

బస్సులో నా కూతురు కిటికీ వైపు మొహం పెట్టుకొని కూర్చుంది. పాలక్కోడు తోవలో టమోటా లారీలు ఎదురొస్తున్నాయి. నేనే అన్నాను, "చెప్పేద్దాము పాపా. నా రాత అని చెప్పేద్దాము."

"చెప్తే ఏమి రాస్తాడు అమ్మా నా కాగితం మీద? దొంగరాత అని రాస్తాడు. ఏడేళ్ళు అమ్మా."

వేరే ఏ పనిలో తప్పు చేసినా సారు ముందర నేను కొంగు చాపి అడిగి ఉందును. ఈ తప్పు నా చేతిదే అయిపోయింది.

సోమవారం బడిలో పెద్ద సారుకు, అంటే హెడ్మాస్టరుకు, సంగతి తెలిసింది. ఆయన ఇంకో ఏడాదికి రిటైరు అయ్యే మనిషి, మంచివాడే, దేనికీ తొందరపడడు. విని, పొడుం పీల్చి, అన్నాడు:

"దీనికేమి టీచర్ ఇంత ఆలోచన? గుట్ట మీది ఇళ్ళ పిల్ల ఒకటి ఉండాది గదా మీ తరగతిలో. వాళ్ళింటి ముందర ఇసుర్రాయి నేనే చూసినాను. ఆ పిల్లతో దించి రాయించు. రెండుసార్లు చదివించు. వాళ్ళమ్మ కూలికి పోయిందని చెప్పు. సారు టీ తాగి పోతాడు. ముప్పై ఏళ్ళుగా ఎంత మంది సార్లకు టీ పోసినాను నేను."

మంగళవారం నా కూతురు ఆ పిల్లను వరండాలో నా పక్కన కూర్చోబెట్టింది. తొమ్మిదేళ్ళు ఉంటాయి. నూనె లేని రెండు జడలు, మోకాలి మీద పొక్కు కట్టిన గాయం. వాళ్ళు తెలుగువాళ్ళే, టీచరుతో అరవం, నాతో తెలుగు మాట్లాడేది. నా కాగితం ఒకటి, తెల్లకాగితం ఒకటి ముందర పెట్టి, "ఇది చూసి రాయి," అని చెప్పి నా కూతురు లోపలికి పోయింది.

పిల్ల రెండు వరసలు దించింది. మూడో వరస దగ్గర ఆగి నన్ను చూసింది.

"అవ్వా, ఇది ఎవురు రాసినారు?"

"నువ్వు రాయి ముందు."

"మా ఇంట్లో ఇసుర్రాయి మీద కోళ్ళు పండుకుంటాయి. ఎవురూ ఇసరరు. మేము మిల్లుకు పోతాము."

"ఎవరు పోతారు మిల్లుకు?"

"నేనే. మా అమ్మకు పొద్దు ఉండదు గదా."

బిడ్డను భుజం మార్చుకున్నాను. నా కూతురు వాకిట్లో నిలబడి వింటూ ఉంది, ఎప్పటి నుంచో తెలియదు. వచ్చి ఆ పిల్ల ముందర చాప మీద కూర్చుంది. కూర్చోవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. నా కాగితం తీసి మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"మిల్లులో ఎట్లా ఉంటుంది?" అని అడిగింది అరవంలో.

పిల్ల తల వంచుకొనింది. నా కూతురు ఇంకేమీ అడగలేదు. లోపల తరగతి గోల చేస్తూ ఉంది, పోలేదు. ఒకసారి నోరు తెరిచి మళ్ళా మూసుకుంది. పిల్ల పొక్కు గీరుకుంటూ చాలాసేపు ఉండి, "సద్దు టీచర్," అన్నది.

"అది రాయి."

"సద్దు అనా?"

"ఆ. ఆ తరువాత ఏముంటే అది."

ఆ రోజు సాయంకాలం దాకా ఆ పిల్ల రాసింది ఆరు వరసలు. మధ్యలో రెండుసార్లు, 'సరిగ్గా ఉండాదా' అని నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను. నిజమే, తెలియదు.

బుధవారం పన్నెండుకు సారు వచ్చినాడు. రెండు బస్సులు మారి, ఆ ఒకటిన్నర మైలు ఎండలో నడిచి వచ్చినాడు. చెంబు నీళ్ళు ఇస్తే సగం తాగి, సగం మొహం మీద చల్లుకున్నాడు. పెద్ద సారు టీకి పంపబోతే వద్దన్నాడు.

"ఆ పిల్ల తల్లి వచ్చిందా? ఆమెతో ఏం మాట్లాడాలా అని బస్సులో అంతా ఆలోచించుకుంటూ వచ్చినాను. గట్టిగా చెప్తే పిల్లను బడి మాన్పించేస్తారు. మెల్లగా చెప్తే వినరు."

ఆ మాటకే నా కూతురు విరిగిపోయిందని నేననుకుంటాను. కోపంతో వచ్చి ఉంటే ఏమో, అబద్ధం నిలబడి ఉండేదేమో. జాకెట్లోంచి నా కాగితం తీసి ఆయన చేతికి ఇచ్చింది.

"ఇది మా అమ్మ రాసింది సార్," అన్నది. "అక్కడ బిడ్డను ఎత్తుకొని ఉండాది, ఆమే. అట్లాంటి పిల్ల ఎవరూ లేరు మా తరగతిలో."

సారు కాగితాన్ని చూసినాడు. నన్ను చూసినాడు. నేను లేచి నిలబడినాను. బిడ్డ నా చెవి కమ్మ పట్టుకొని లాగుతూ ఉంది.

"ఎన్నేళ్ళమ్మా నీకు?"

"యాభై నాలుగు సార్."

"ఎక్కడ నిద్ర లేపింది మీ అమ్మ నిన్ను, ఏ ఊళ్ళో?"

"మహేంద్రమంగళం దగ్గర సార్, మా పుట్టిల్లు. తప్పు నాదే సార్, రాత నాది."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "ఆరు బడులకు దీని నకలు ఇచ్చేసినాను," అన్నాడు. "ఒక చిన్నపిల్లతో పని చేయిస్తున్నారని పైకి కూడా రాసి పెట్టినాను. ఇప్పుడు అది కాదని రాయాల. ఎందుకు కాదో కూడా రాయాల." ఆ గొంతులో కోపం లేదు, కీచు మాత్రం ఉంది. "మీ జట్టువి ఇంకా తొమ్మిది ఉన్నాయే. అవి?"

నా కూతురు తల వంచుకొని నిలబడింది.

"సరే," అన్నాడాయన. "అడగను."

అప్పుడు నా కూతురు ఆ పిల్ల రాసిన కాగితాన్ని తెచ్చి ఇచ్చింది. ఇస్తే మేలవుతుందని ఇచ్చినట్టు లేదు. ఇవ్వవలసిన దాన్ని ఇచ్చినట్టు ఇచ్చింది. ఆయన చదివినాడు. 'నేను పిండి మిల్లుకు పోతాను. మిల్లులో సద్దు. ఎవరు ఏమి చెప్పినా వినపడదు. కరెంటు లేకపోతే బయట కూర్చుంటాము. మిల్లు అన్న వేలు చూపిస్తే నా వంతు. పిండి వేడి. తల మీద పెట్టుకుంటే కాలుతుంది.' వరసకు రెండు తప్పులు.

మెచ్చుకోలేదు. ఆ పిల్లను పిలిచి అడిగినాడు. "కాలితే ఏం చేస్తావు?"

"పరిగెత్తుతాను సార్."

"పరిగెత్తితే కాలదా?"

"కాలుతుంది. ఇల్లు తొందరగా వస్తుంది."

"అది రాయలేదే?"

"ఎవరూ అడగలేదు గదా సార్."

సారు నా కూతురి వైపు చూసినాడు. ఆమె పిల్లకు పెన్సిలు అందించింది. పిల్ల అక్కడే మెట్టు మీద, ఆయన పక్కనే, కాగితాన్ని మోకాలి మీద పెట్టుకొని రాసుకుంటూ ఉంటే, ఆయన సంచిలోంచి తన పుస్తకం తీసి రాసుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి ముగించినారు.

పోయేటప్పుడు నా కూతురితో దాచకుండా చెప్పినాడు. "ఈ ఏడాది నేను మంచి మాట రాయలేను. రాస్తే అది కూడా ఎడమ చేతి రాతే అవుతుంది. ఇంకొక ఏడాది చూడమని రాస్తున్నాను. నెలకొకసారి వస్తాను. పిల్లల కాగితాలు చూపించు, నీవి కాదు."

"సరే సార్," అన్నది.

ఆయన గేటు దాటిన తరువాత పెద్ద సారు పొడుం డబ్బా మూసి అన్నాడు, "నిజం చెప్పి బాగుపడిన టీచర్ను నేను ఇంతవరకు చూళ్ళేదమ్మా. చూస్తానేమో, ఇంకా ఒక ఏడాది ఉన్నాను గదా." నా కూతురు నవ్వలేదు.

సాయంత్రం బస్టాండులో అల్లుడి ఫోను వచ్చింది. ఇంకొక ఏడాది అని ఈమె చెప్పింది. అటునుంచి ఏమన్నాడో నాకు వినపడలేదు, కానీ ఏమన్నాడో తెలుసు, ఆ వెనక ఎవరు నిలబడి చెప్పించినారో కూడా తెలుసు. ఈమె 'ఊ' కొడుతూ ఉంది. చివరికి, "ఇంటికి పోయి మాట్లాడతాను," అని పెట్టేసింది. నేను అడగలేదు. అడిగే హక్కు ఆ వారం నాకు లేదనిపించింది. మానేస్తే నాకు నిద్ర దొరుకుతుంది. అది కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు.

బస్సులో సీటు దొరికింది. బిడ్డకు పాలిచ్చి నా చేతికి ఇచ్చి, సంచిలోంచి ఒక కట్ట తీసింది. మధ్యాహ్నం సారు పోయిన తరువాత తరగతిలో అందరితోనూ రాయించిందట. అడిగిందట, ఊరకున్నదట. సగం మంది ఒక వరసతో ఆగిపోయినారు, నలుగురు ఏమీ రాయలేదు. మునుపయితే ఆ ఇరవై ఆరింటి మీదా ఎర్ర సిరాతో టిక్కులు పెట్టడానికి రెండు స్టాపింగులు చాలు. అన్నీ ఒకటే గనక. ఇప్పుడు మొదటి కాగితమే చదివి చదివి తిప్పుతూ ఉంది. ఒక పిల్లవాడు వాళ్ళ నాయన పట్టుపురుగులకు మల్బరీ ఆకు తేవడానికి పోయి పాము చూసినాడని రాసినాడు. ఏ పామో, ఏమయిందో లేదు.

"ఏమయిందో రాయకుండా పెట్టినాడు చూడమ్మా వీడు," అన్నది విసుగ్గా. "రేపు అడగాల. ఒక్కొక్కడిదీ ఒక్కొక్క రకం. ఎన్నని చదివేది, ఎన్నని అడిగేది? నాకు వల్లకాదు."

ఆ మాట నేను బస్సు దిగే దాకా మనసులో తిప్పుకున్నాను. వల్లకాదు అన్నది నిజమే. మొహం చూస్తే తెలుస్తూ ఉంది. కానీ రేపు అడగాల అని ముందే అనేసింది. పెరియంపట్టిలో దిగి నడుస్తూ, "పొద్దున ఆరు బస్సేనా పాపా?" అని అడిగినాను.

"ఇంకేది అమ్మా," అన్నది.